హెడ్‌ఫోన్‌లో ఎడమ పక్క

రెండువేల రూపాయల హెడ్‌ఫోన్ గురించి మా ఇంట్లో జరిగినంత చర్చ నా డిగ్రీ గురించి కూడా జరగలేదు. ఏ కాలేజీ, ఏ గ్రూపు అన్నది నాయన ఒక్కడే ఒక్క పూటలో తేల్చేశాడు. హెడ్‌ఫోన్ సంగతి మాత్రం పోయిన వేసవిలో ఈస్టరు మర్నాడు మొదలై మే మూడో వారం దాకా నడిచింది. ఉదయగిరి ఎండల సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. పొద్దున తొమ్మిదింటికే దుర్గం కొండ పెనంలా కాలి, ఆ వేడంతా మా వీధి మీదికి కొడుతుంది. ఎండెక్కాక గడప దాటలేని ఆ నెల రోజులూ ఇంట్లో నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ హెడ్‌ఫోన్ గురించే మాట్లాడుకున్నాం.

మా వీధిలో పిల్లలందరూ డాడీ అంటారు. మా ఇంట్లో మాత్రం రెబెకమ్మ అవ్వ బతికున్నన్నాళ్లూ పట్టుబట్టి అలవాటు చేసిన 'నాయన' అనే పిలుపే మిగిలింది. మా నాయన శాంతికుమార్ దుత్తలూరు దగ్గర బడిలో టీచరు. అది జీతం కోసం చేసే పని. ఆయన ప్రాణమంతా మా బాప్టిస్టు చర్చి క్వయిర్‌లో ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా హార్మోనియం ముందర కూర్చుని, ఒకే పాటని నాలుగు గొంతుల్లో కలిపి పాడే నాలుగు పార్టులూ నడిపిస్తున్నాడు. ఇరవై మంది పాడుతుంటే ఎవరు శ్రుతి తప్పారో తలెత్తకుండా పేరు పెట్టి చెప్తాడు. వీధి చివర బస్సు హారన్ మోగితే అది ఏ స్వరమో చెప్తాడు. పాముచెవుల సారు అని ఊళ్లో పేరు.

అలాంటి మనిషికి కూతుర్ని నేను. కృపారాణి. ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది గొంతు పార్టు, పాడతాను. పాడేదాన్ని అనాలి.

ఆ ఈస్టరు నాడు పాట మధ్యలో నేను జారిపోయాను. జారిపోయానని కూడా నాకు తెలియలేదు. హార్మోనియం ఆగిపోతే అప్పుడు తెలిసింది. పండగ పూట, సంఘమంతా కొత్త బట్టలు కట్టుకుని కూర్చుని ఉండగా నాయన పాట ఆపేసి మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఎవరి వల్ల ఆపాడో అందరికీ తెలుసు. పాట అయ్యాక, వరసకి అటు చివర నిలబడే సారా వచ్చి నా మోచెయ్యి నొక్కింది. అది జాలో విసుగో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంటికొచ్చి బిరియాని ముందర కూర్చున్నాక నాయన అన్నాడు. "మే ఆఖర్న ఆత్మకూరులో పడమటి సంఘాల కూడిక ఉండాది. పదకొండు సంఘాలు పాడతాయి. ఆ లోపల నీ పార్టు కుదిరిందా సరే. లేకుంటే నిన్ను తీసేసి వేరేవాళ్లని పెడతా. కూతురని చూసేది లేదు."

"పండగ పూట ఏందండీ ఇది? అన్నం తిననీండి బిడ్డని" అంది అమ్మ. మా అమ్మ ఎస్తేరమ్మ ఆయన మాటకి అడ్డం వచ్చిందంటే అంతవరకే వస్తుంది.

"మూడేళ్లనుంచి చెప్తావుండా. ఇనేదానికి ఒళ్లొంగదు. పొగరు."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. తిట్టినందుకు కాదు, తిట్లు అలవాటే. ఎనిమిదేళ్ల వయసులో నేను నాలుగు పార్టులూ ఒకదాని తర్వాత ఒకటి తప్పు లేకుండా పాడేదాన్ని. నాయన నన్ను హార్మోనియం పెట్టె మీద కూర్చోబెట్టుకుని "ఇది నా చెవి. నా చెవే దీనికి వచ్చింది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆయనకీ నాకూ మధ్య మాట్లాడుకోవడానికి పాట తప్ప ఇంకేమీ ఉండేది కాదు. క్వయిర్‌లోంచి తీసేస్తే నేను ఆ ఇంట్లో అన్నం తినే మనిషిని మాత్రమే అవుతాను. ఆ మధ్యాహ్నం నేను ఎట్లాగైనా నా చోటు నిలబెట్టుకోవాలనుకున్నాను.

నా చోటంటే వరసకి కుడి చివర. మిగతా అమ్మాయిలంతా నాకు ఎడమ పక్క ఉంటారు. కుడిపక్క గోడ, గోడకి గరగరలాడే ఫ్యాను. నాకెందుకో వరసకి రెండో చివర నిలబడాలని ఉండేది. ఒకటి రెండు సార్లు తెలియకుండానే జరుగుతూ జరుగుతూ అటు చేరాను. "ఏందే, మందలో మేకపిల్ల మాదిరి తిరుగుతావుండావు? నీ చోటులో నిలబడు" అని నాయన రెక్క పట్టుకుని తెచ్చి గోడ పక్కన పెట్టాడు.

హెడ్‌ఫోన్ ఆలోచన ముందు మా తమ్ముడు ఎడ్విన్‌ది. వాడు ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. మధ్యాహ్నాలు నాయన నిద్రపోయేటప్పుడు వాడూ నేనూ, కలిగిరిలో ఉండే మా పెదనాన్న కొడుకు దయాసాగర్, వాడి స్నేహితుడొకడు, నలుగురం జట్టుగా ఫోన్‌లో తుపాకుల ఆట ఆడేవాళ్లం. మాకున్నది నూటయాభై రూపాయల ఇయర్‌ఫోన్ ఒకటి. కుడి గుండీ నాకు, ఎడమ గుండీ వాడికి. ఒకే తీగకి కట్టిన రెండు గొర్రెల్లాగా తలలు ఆనించుకుని కూర్చునేవాళ్లం.

ఆ ఆటలో చూపుకన్నా వినికిడి ముఖ్యం. శత్రువు గోడ అవతల నడుస్తుంటే అడుగుల చప్పుడు ఏ పక్కనుంచి వస్తుందో పట్టుకోవాలి. నేను పట్టుకోలేకపోయేదాన్ని. ఎప్పుడూ ఎడమ పక్కనుంచి వచ్చినవాడి చేతిలోనే చచ్చేదాన్ని.

"కృపక్క ఎడమ పక్కని దేవుడికి వదిలేసిందిరా" అనేవాడు దయాసాగర్ కలిగిరి నుంచి.

"ఒక గుండీతో ఆడితే ఎవరైనా అంతేలే. దీనికి మంచి హెడ్‌ఫోన్ ఉండాల" అని ఎడ్విన్ నన్ను వెనకేసుకొచ్చాడు.

నాకూ అదే నమ్మకం. మా ఊళ్లో కొనే ఇయర్‌ఫోన్లకి నెల తిరక్కుండా ఒక పక్క పోవడం మామూలే. తీగ దగ్గర వంచి, మెలిపెట్టి, ఉమ్మి రాసి, ప్లాస్టరు చుట్టి బతికించుకుంటాం. అంతకు ముందు నేనొక్కదాన్నే పెట్టుకున్న ప్రతి ఇయర్‌ఫోన్‌కీ ఎడమ పక్కే పోయేది. నా చెయ్యి అట్లాంటిది అనుకున్నాను. ఆ తర్వాత పాట సంగతి కూడా ఇదేనేమో అనిపించింది. నాలుగు పార్టులూ విడివిడిగా రికార్డు చేసినవి ఫోన్‌లో ఉన్నాయి. వాటిని రెండు చెవుల నిండా వినగలిగితే నా ఆల్టో నాకు దొరుకుతుంది. ఇన్నాళ్లూ సగం సగం విని సగం సగం నేర్చుకున్నాను, అంతే.

డబ్బు నాదే. ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే షెడ్డులో ఆ వేసవిలో రోజూ ఎండెక్కేదాకా కూర్చుని చెంచాలకి ఉప్పుకాగితం పట్టాను. తెడ్లు, గరిటెలు, ఫోర్కులు, ఏవైనా సరే నునుపు తేలేదాకా రుద్దాలి. రెండు వేలు చేతికొచ్చేసరికి వేళ్ల మీద గీతలు అరిగిపోయి, రేషను మిషను నా వేలిముద్ర తీసుకోనని మొరాయించింది.

ఇక చూడండి చర్చ. ఎడ్విన్ రోజుకి పది వీడియోలు చూసి పెద్ద నిపుణుడైపోయాడు. "బ్లూటూత్ వద్దక్కా. శబ్దం ఆలస్యం, మనం చచ్చినాక తుపాకీ మోత వస్తాది. తీగదే కొందాం. చెవి మొత్తం మూసేది కావాల. మైకు ఉండాల. రెండు పక్కలా స్టీరియో సరిగ్గా ఇడిపోవాల." రంగురంగుల లైట్లు వెలిగేవి కూడా ఉన్నాయట. లైటు వెలిగితే అడుగులు బాగా వినిపిస్తాయా అని అడిగితే వాడికి కోపం వచ్చింది.

నాయనకి ఆట సంగతి చెప్పలేదు. పార్టులు నేర్చుకోవడానికని చెప్పాను. అబద్ధం కాదు కూడా. ఆయన పేపరు దించి మడిచాడు.

"డబ్బా కొట్టినట్టు దబదబలాడేది తేవద్దు. బాస్ ఎక్కువుంటే మధ్యలో గొంతులు మునిగిపోతాయి. మనిషి గొంతు తేటగా ఇనపడాల. ఆన్‌లైన్‌లో వద్దు, పెట్టెలో సబ్బుబిళ్ల పంపిస్తారు. ఆత్మకూరు పోదాం. నేనూ వస్తా. నా చెవితో చూసి కొందాం."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నాయన నా కోసం ఒక ఎండాకాలపు రోజు ఖర్చుపెడతానన్నాడు.

అమ్మ నా కుడిపక్కకొచ్చి, కొంగుతో నా మెడ మీది చెమట తుడుస్తూ, "చెవి నొప్పి రాకుండా మెత్తంగా ఉండేది చూసుకో తల్లీ" అంది. ఎందుకో ఆమె మొహం మాత్రం సంతోషంగా లేదు. "ఇప్పుడవన్నీ ఎందుకే" అని కూడా అంది. డబ్బు గురించి అంటుందనుకున్నాను.

మే పదహారున పొద్దున బస్సెక్కి, వింజమూరు మీదుగా ఆత్మకూరు చేరేసరికి పదకొండు దాటింది. బస్టాండు దగ్గర సందులో సురేంద్రబాబు అనే ఆయన షాపు ఉంది. ఫోన్లు, కవర్లు, స్పీకర్లు, గోడ నిండా హెడ్‌ఫోన్లు. ఎడ్విన్ ముందే చూసిపెట్టుకున్న మూడు రకాలు చెప్పాడు. సురేంద్రబాబు ఓపికగల మనిషి. మూడూ దించి, దుమ్ము తుడిచి, నా ముందర పెట్టాడు.

"పెట్టుకో పాపా. టెస్టు సౌండు పెడతాను. ముందు ఎడం పక్క వస్తాది, తర్వాత కుడి పక్క."

మొదటిది పెట్టుకున్నాను. మెత్తగా, చల్లగా ఉంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత కుడిపక్క ఒక ఆడగొంతు "రైట్" అంది.

"ఎడం పక్క పని చేయడంలేదన్నా."

"అట్టనా? పీసు ప్రాబ్లం అయ్యుంటాది." రెండోది ఇచ్చాడు. దానికీ అంతే. మూడోది లైట్లది. లైట్లు రెండు పక్కలా వెలిగాయి. శబ్దం కుడిపక్కే వచ్చింది.

నాయనకి చిర్రెత్తింది. "ఏం షాపయ్యా ఇది? మూడుకి మూడూ డొక్కు సరుకేనా? పల్లెటూరోళ్లమని అంటగడతావుండావా?"

"సార్, సార్, ఉండండి" అని సురేంద్రబాబు మూడోది తన తలకి పెట్టుకున్నాడు. కళ్లు పైకెత్తి విన్నాడు. తీసి ఎడ్విన్‌కిచ్చాడు. ఎడ్విన్ విని నా వైపు చూశాడు. నాయన వాడి తలమీద నుంచి లాక్కుని తను పెట్టుకున్నాడు. ఆయన చెవికి తెలియనిది ఏముంది? వింటున్నప్పుడు ఆయన వేలు గాజు బల్ల మీద రెండుసార్లు తట్టింది. ఎడమకొకటి, కుడికొకటి. తర్వాత ఆ వేలు అట్లాగే ఆగిపోయింది.

"బాగానే ఉండాదే" అన్నాడు మెల్లగా.

సురేంద్రబాబు హెడ్‌ఫోన్ తీసుకుని, అటుది ఇటు తిప్పి, తనే నా తలకి పెట్టాడు. ఇప్పుడు ఎడమ గిన్నె నా కుడిచెవి మీద ఉంది. ఆడగొంతు "లెఫ్ట్" అంది, తేటగా. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఇప్పుడు రైట్ రావడంలేదన్నా" అన్నాను.

అన్నాక నాకే తెలిసింది. షాపులో టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. ఎవరో బయట కొబ్బరిబోండాం కొట్టించుకుంటున్నారు. ఆ చప్పుళ్లన్నీ కుడిపక్కనుంచే వస్తున్నాయి. ఎన్నేళ్లుగానో అట్లాగే వస్తున్నాయి. చేతుల్లో ఒక చెయ్యి వాటం అయినట్టు, అందరికీ ఒక చెవి వాటంగా ఉంటుందని నేను అనుకున్నాను.

సురేంద్రబాబు హెడ్‌ఫోన్ తీసి తీగ చుట్టసాగాడు. "సార్, ఏమీ అనుకోవద్దు. తప్పు దీంట్లో లేదు. పాపని చెవుల డాక్టరుకి చూపీండి." తర్వాత నాతో, మంచితనంగానే, "ఎప్పుడన్నా దెబ్బ తగిలినాదా పాపా, చెవికి?" అన్నాడు.

మూడేళ్ల కింద క్రిస్మస్ ప్రాక్టీసు. నేను ఇంటర్ ఫస్టియర్. పాట మధ్యలో సారా ఏదో అంటే నవ్వొచ్చి నా పార్టు ఎత్తుకోవడం ఆలస్యమైంది. నాయన హార్మోనియం దగ్గర నుంచి లేచి వచ్చి, కుడిచెయ్యి వెనక్కి తీసి, నా ఎడమ చెంపా చెవీ కలిపి ఒక్కటి కొట్టాడు. ఇరవై మంది చూశారు. చెవి గుయ్యిమంది. ఏడవకుండా పాట పూర్తిచేశాను. ఆ రాత్రినుంచి చీము కారింది. అమ్మ వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన నూనె గోరువెచ్చగా పది రోజులు పోసింది. చీము ఆగింది. నయమైందనుకున్నాం. నా శ్రుతి తప్పడం ఆ తర్వాతే మొదలైంది. ఆ రెండూ కలిపి చూడాలని నాకెప్పుడూ తోచలేదు. ఆ మూడేళ్లూ శ్రుతి తప్పుతున్నానని తిట్టినవాడు కూడా ఆయనే.

నేను నాయన మొహం చూశాను. ఆయన గోడ మీది హెడ్‌ఫోన్లు చూస్తున్నాడు. సంఘంలో పెద్ద, బడిలో సారు. పరాయి ఊళ్లో, పరాయి మనిషి ముందర, జవాబు నా నోట్లో ఉంది.

"లేదన్నా. ఏం తగల్లేదు" అన్నాను.

ఆయన చెప్తాడేమోనని ఒక్క క్షణం ఎదురు చూశాను. చెప్పలేదు. నా అబద్ధాన్ని అట్లాగే ఉండనిచ్చి, గోడ మీద అన్నిటికన్నా పైన ఉన్నది చూపించి, "అది ఎంత?" అన్నాడు.

మూడువేల రెండువందలు. బేరం ఆడలేదు. నా రెండువేలు నా పర్సులోనే ఉండనిచ్చాడు. మా నాయన అంత ఖరీదు వస్తువు నాకు కొనడం అదే మొదలు. బిల్లు రాస్తూ సురేంద్రబాబు నాకో ఉపాయం చెప్పాడు. ఫోన్ సెట్టింగుల్లో మోనో అని ఉంటుందట. అది పెట్టుకుంటే రెండు పక్కల శబ్దమూ కలిసి ఒకే చెవిలో వస్తుంది. "పాటలకి ఇబ్బంది ఉండదు పాపా. ఆటలకైతే అడుగులు ఏ పక్కో తెలీదు, అంతే" అన్నాడు.

తిరుగు బస్సు ఖాళీగా ఉంది. ఎడ్విన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.  నేను కుడిపక్క కిటికీ దగ్గర కూర్చున్నాను. నాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అంటే నా ఎడమ పక్క. ముందు సీటు ఖాళీగా ఉంది. అందులో కూర్చుని నా వైపు తిరిగి మాట్లాడొచ్చు. కూర్చోలేదు.

వింజమూరు దాటాక ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకెట్లా తెలిసిందంటే, ఆయన చెయ్యి నా సీటు ముందు కమ్మీ పట్టుకుని ఉంది, అది మాటకి తగ్గట్టు బిగుస్తూ వదులవుతూ ఉంది. కళ్ల చివర్నుంచి చూశాను. పెదవులు కదులుతున్నాయి. కుడిపక్క కిటికీలోంచి గాలి, ఇంజను మోత. ఎడమ పక్క ఏమీ లేదు. చాలాసేపు మాట్లాడాడు. ఒకసారి కండువాతో మొహం తుడుచుకున్నాడు. దుత్తలూరు వచ్చేసరికి ఆపేశాడు.

ఆ పక్క వినపడదని అప్పటికి గంటన్నర కిందటే తెలుసుకున్న మనిషి, అదే పక్క కూర్చుని చెప్పాడు. చెప్పుకున్నానన్న తృప్తి ఆయనకి దక్కాలి, విన్నానన్న హక్కు నాకు రాకూడదు. నేను తల తిప్పి అడగొచ్చు. అడగలేదు. 

ఇల్లు చేరాం. అమ్మ వాకిట్లో నీళ్లు చల్లుతోంది. చెంబు కింద పెట్టి, నా చుట్టూ తిరిగి, కుడిపక్కకి వచ్చి నిలబడి, "ఏది తెచ్చుకున్నావు తల్లీ?" అంది.

నేను పక్కకి తిరిగాను. ఆమె మళ్లీ చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చింది. ఆలోచించకుండానే వచ్చింది, అలవాటైపోయిన పనిలాగా. మూడేళ్లుగా మా అమ్మ నాకు అన్నం పెట్టినా, జడ వేసినా, చర్చిలో పక్కన కూర్చున్నా, కుడిపక్కే.

"నీకు తెలుసా?" అన్నాను.

అమ్మ చెంబు తీసుకుంది. మళ్లీ కింద పెట్టింది. "పది రోజులు నూనె పోసినాక ఆరెంపీ డాక్టరు చూసినాడు గదా, నిన్ను బయటికి పంపి నాతో చెప్పినాడు. లోపల చిల్లి పడినాది, ఇంక నూనె పొయ్యొద్దు, నెల్లూరు తీసకపొమ్మని."

"ఎందుకు తీసకపోలేదు?"

"తీసకపోతే ఎట్ట తగిలిందని అడగరా? ఏమని చెప్పేది? మీ నాయన పేరు చెప్పేదా?" కొంగు నడుముకి దోపుకుంది. "చీము ఆగిపోయింది గదా, అదే సర్దుకుంటాదిలే అనుకున్నా."

"మూడేళ్లు నన్ను పొగరు, ఒళ్లొంగదు అంటావుంటే ఇంటా కూర్చున్నావు గదమ్మా."

ఆమె చెంబు తీసుకుని మిగిలిన నీళ్లు చల్లేసింది. నూనె పోసినందుకు ఆమె మీద నాకు కోపం లేదు. తెలియక పోసింది. తెలిసి ఊరుకున్నదే నేను మింగలేకపోయాను.

మూడో రోజున అమ్మే నన్ను నెల్లూరు తీసుకెళ్లింది. నాయన రాలేదు. బడికి సెలవులే, కానీ కూడిక దగ్గర పడింది, ప్రాక్టీసు ఉందన్నాడు. డాక్టరు లైటు పెట్టి చూసి, కర్ణభేరి మిగల్లేదు, లోపలి ఎముకని కూడా చీము తినేసింది, ఆపరేషన్ చేసినా చీము రాకుండా చూడగలం గానీ వినికిడి వస్తుందని మాట ఇవ్వలేం అన్నాడు. ఎట్లా తగిలిందని ఆయన కూడా అడిగాడు. అమ్మ నేలచూపులు చూసింది. ఈసారి నేను అబద్ధం చెప్పలేదు. "కొట్టినారు" అన్నాను. ఎవరని ఆయన అడగలేదు. చీటీ మీద ఏదో రాసుకున్నాడు.

ఆ శనివారం సాయంత్రం చర్చిలో ఆఖరి ప్రాక్టీసు. వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను. ఆశ చావలేదు. ఆ ఇరవై మందీ అక్కడ ఉంటారు. కొట్టినప్పుడు చూసినవాళ్లు. వాళ్ల ముందర నాయన ఒక్క మాట అంటే చాలు. 'తప్పు దానిది కాదు, నాది' అంటే చాలు. నా ఒక్క చెవితోనే పాడతాను, ఆయన చెప్పినట్టు పాడతాను, మిగతాదంతా మర్చిపోతాను. నిజంగా మర్చిపోయేదాన్నే.

అందరూ వరసల్లో నిలబడ్డారు. నేను గోడ పక్క నా చోటుకి నడిచాను. నాయన హార్మోనియం తెరుస్తూ తలెత్తకుండా అన్నాడు.

"కృపా, నువ్వు ఆ చివరకి పోమ్మా."

నేను మూడేళ్లుగా జరుగుతూ జరుగుతూ పోయిన చివర అది. అక్కడ నిలబడితే అందరూ నా కుడిపక్కకి వస్తారు.

సారా అడిగింది. "అదేంది సార్, ఆ చోటు నాది గదా? ఎప్పుడూ కృపని రెక్క పట్టుకుని గోడకాడ నిలబెడతారు, ఇప్పుడేంది?"

అందరూ నాయన వైపు చూశారు. నేను కూడా. ఫ్యాను గరగరలాడుతోంది. ఆయన హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"కృప పొడుగు గదా. ఫోటోలో వరస బాగుంటాది" అన్నాడు.

సారా సరేనంటూ జరిగింది. నేను ఆ చివరికి వెళ్లి నిలబడ్డాను. 

"నాయనా" అన్నాను. "ఆ పొద్దు బస్సులో ఏందో చెప్పినావే. నువ్వు కూర్చున్న పక్క నాకు ఇనపడదు. ఇప్పుడు చెప్పు. ఈ పక్క ఇనపడతాది."

కుడిచెవి ఆయన వైపు తిప్పి నిలబడ్డాను.  ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకుని తల దించుకున్నారు. వాళ్లకి అర్థమైంది. నాయన భుజం మీద కండువా సర్దుకున్నాడు. నోరు తెరిచాడు.

"నూట పదహారో పాట. అందరూ పుస్తకాలు తియ్యండి" అన్నాడు. హార్మోనియం తిత్తి లాగి మొదటి స్వరం నొక్కాడు.

ఆ స్వరం నాకు చక్కగా వినిపించింది. చిన్నప్పుడు పెట్టె మీద కూర్చోబెట్టుకుని ఆయనే నేర్పిన స్వరం. అందరూ పాట ఎత్తుకున్నారు. ఆ చివర నిలబడితే నాలుగు పార్టులూ విడివిడిగా, దేని గొంతు దానిదిగా, మూడేళ్ల తర్వాత మొదటిసారి నా చెవిలో పడ్డాయి. నా పార్టు ఎక్కడ అందుకోవాలో తెలిసింది. ఎంత తేలికో కూడా తెలిసింది.

నేను నోరు తెరవలేదు. ఆల్టో పలచబడిపోయింది. ఇరవై మందిలో ఒక గొంతు తగ్గితే పాముచెవుల సారుకి తెలియకుండా ఉండదు. ఈస్టరు నాడైతే పాట ఆపేశాడు. ఆ రోజు ఆపలేదు. చివరి చరణం దాకా తలెత్తకుండా వాయిస్తూనే ఉన్నాడు.